ఇంగ్గి అనే జవాబు

మధ్యాహ్న భోజనపు బండి వార్డు గుమ్మం దాటేసరికే మ్బా తుకినెం ఒళ్ళంతా చెమటతో తడిసిపోయి ఉంది. పెదవులు పాలిపోయాయి. చేతులు వణుకుతున్నాయి. జావా దీవిలోని ఆ ప్రాంతంలో ముసలివారిని అందరూ మ్బా అనే పిలుస్తారు. డెబ్బై ఎనిమిదేళ్ళ ఈ అవ్వ ఉబ్బసంతో ఆసుపత్రిలో చేరింది తప్ప ఆమెకు చక్కెర జబ్బు లేదు. అయినా అరగంట క్రితం ఆమె పొట్టమీద ఇన్సులిన్ సూది పడింది. అది పక్క మంచంలోని మ్బా తుకియెంకు ఇవ్వవలసిన సూది.

వార్డు ఇన్‌ఛార్జి నర్సు వురియాని పరుగున వచ్చి, వేలి కొన పొడిచి చక్కెర చూసి, నరంలోకి గ్లూకోజు ఎక్కించింది. చాలాసేపటి వరకు అవ్వ మణికట్టు విడవలేదు. తేరుకున్నాక అవ్వ మొదట పలికిన మాట ఇది:

"మీ అందరికీ శ్రమ ఇచ్చాను. ఏమనుకోకండి తల్లీ."

సూది వేసిన లస్త్రి గోడకు ఆనుకొని ఏడుస్తున్నది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఏడాది ఒప్పందం మీద పనిచేస్తున్నది. పై నర్సులను బూ, అంటే అమ్మగారూ, అని పిలుస్తుంది.

"నేను అడిగాను బూ! మీరు మ్బా తుకియెం గారే కదండీ అని అడిగాను. ఇంగ్గి అన్నారు. ఒట్టు."

"చేతి పట్టీ చూశావా?"

"మంచం కడ్డీకి కట్టి ఉంది. దాన్నే చూశాను."

జరిగినది మెల్లగా తెలిసింది. ఫ్యాను గాలి ఒంట్లో దూరుతుందని భయపడి, ఉదయం అవ్వలిద్దరూ మంచాలు మార్చుకున్నారు. నమాజుకు ముందు కాళ్ళు చేతులు కడుక్కొనేటప్పుడు విప్పిన పేరు పట్టీలు మాత్రం పాత కడ్డీలకే వేలాడుతున్నాయి.

"పేరు తప్పుగా అడిగితే కాదనలేదేం మ్బా?" అని వురియాని అడిగింది.

"ఆ పిల్ల ఎంత మర్యాదగా అడిగిందో! కాదంటే చిన్నబుచ్చుకోదూ?"

ఇంగ్గి అంటే చిత్తం. అవునన్నా అదే, వింటున్నానన్నా అదే, నీ మాట కాదనలేనన్నా అదే.

నర్సింగ్ విభాగపు అధిపతి బు హర్తాతి మరునాడే తన అభిప్రాయం కాగితం మీద పెట్టింది: ఇది అజాగ్రత్త, లస్త్రి ఒప్పందం రద్దు కావలెను. మూడు వారాల తరువాత డైరెక్టరు గారి ఎదుట సమావేశం. ఆ మాట పనిచేసిన ధ్రువపత్రంలోకి ఎక్కితే ఆ జిల్లాలో ఏ ఆసుపత్రీ పిల్లను గడప తొక్కనివ్వదు.

"ఆ మూడు వారాలూ ఎందరు ఇలా తప్పు పేరుకు ఇంగ్గి అంటారో నన్ను లెక్క తీయనివ్వండి" అని వురియాని డైరెక్టరు గారికి విన్నవించుకున్నది.

ఆమె సోయా గింజలు పులియబెట్టి అచ్చులుగా అమ్మే ఇంటి పిల్ల. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. నలభై తొమ్మిదో ఏట పై చదువుకు చేరినప్పుడు తోటివారు నవ్వారు.

"మనవలను ఎత్తుకునే వయసులో పుస్తకాలు ఎత్తుకుంటున్నారేం బూ?"

"మనవలు ఇంకా రాలేదు. పుస్తకాలు వచ్చాయి, ఎత్తుకున్నాను" అన్నదామె.

ఆ చదువే ఇప్పుడు అక్కరకు వచ్చింది. డైరెక్టరు గారి అనుమతి, బంధువుల సంతకాలు తీసుకొని, అరవై దాటిన రోగులను పక్క మంచం వారి పేరుతో పలకరించింది. చేతిలో మందు ఉండదు. జవాబు రాగానే సంగతి విప్పి చెప్పి క్షమాపణ కోరేది. పదిరోజుల్లో ముప్పై ఒక్కరిని అడిగింది. నలుగురే తలూపారు. మిగిలినవారంతా "నా పేరు అది కాదే" అని సరిదిద్దారు.

లస్త్రి ఆ కాగితం చూసి నిలువునా నీరైపోయింది.

"అయితే తప్పు నాదేనా బూ?"

వురియాని కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నది. ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు. తన లెక్కే ఆ పిల్ల మెడకు ఉరితాడు కాబోతున్నది. తెల్లవారి వార్డులో లస్త్రి ఒక ముసలాయనతో మాట్లాడుతుండగా విని, గుమ్మంలోనే ఆగిపోయింది. లస్త్రి మాట్లాడుతున్నది జావా భాషలోని పెద్దల మాట, ఒళ్ళు వంచి, గొంతు తగ్గించి పలికే భాష. తాను అడిగినదో, సర్కారు కచేరీల్లో వాడే ఇండోనేషియా భాషలో!

తరువాతి పదిరోజుల్లో కొత్తగా మరో ముప్పై ఒక్కరిని పెద్దల మాటలో అడిగింది. పందొమ్మిది మంది ఇంగ్గి అన్నారు.

సమావేశం నాడు బు హర్తాతి ఆ కాగితాన్ని వేలి కొసతో జరిపింది.

"పెద్దలతో పెద్దల మాటలోనే మాట్లాడమని ఉత్తర్వు ఇచ్చినదాన్ని నేను. అంటే మర్యాద నేర్పడం నా నేరమా?"

"నేరమని అనలేదు బూ. కదండీ అని అడిగితే వాళ్ళకు కాదనే దారి ఉండదంటున్నాను."

"పట్టీ చేతికి ఉండాలని రూలు. కడ్డీకి ఉన్నది చూసింది. దానికేం చెప్తారు?"

"అది తప్పే. ఆ తప్పుకు శిక్ష వేయండి, కాదనను."

"ఇరవై ఎనిమిదేళ్ళలో మీ చేత ఒక్కటైనా ఇలా జరిగిందా? లేదు. మీరూ ఇన్నేళ్ళు రోగులను అదే పెద్దల మాటలో అడిగారుగా! జాగ్రత్త ఉన్నవాళ్ళకు జరగదు."

గదిలో అందరి చూపూ వురియాని మీద నిలిచింది. ఇరవై యేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట. ఇప్పుడు మింగితే ఎవరికీ తెలియదు. మింగితే పిల్ల బ్రతుకు పోతుంది.

"జరిగింది" అన్నది. "రక్తపోటు బిళ్ళ, ఒకరిది ఇంకొకరికి ఇచ్చాను. ఆయనా ఇంగ్గి అన్నాడు. ఏమీ కాలేదు కనుక ఎవరికీ చెప్పలేదు. నా లెక్కలో మొదటి వరుస అదే రాసుకోండి."

డైరెక్టరు గారు కలం కింద పెట్టారు. బు హర్తాతి లేచి, నేరుగా వార్డుకు నడిచింది. అందరూ వెనుకనే వెళ్ళారు. కిటికీ పక్క మంచంలో మ్బా పొనిరా అనే అవ్వ నారింజ వలుచుకుంటున్నది. బు హర్తాతి చేతులు కట్టుకొని, అతి సున్నితమైన పలుకుబడితో అడిగింది.

"తమరు మ్బా సుకార్సి గారే కదండీ?"

అవ్వ కంగారుగా నారింజ పక్కన పెట్టి తల వంచింది.

"ఇంగ్గి, తల్లీ."

బు హర్తాతి చెవులు ఎర్రబడ్డాయి. ఎటో చూస్తూ అన్నది.

"మరి ఏమడగాలి? పెద్దవాళ్ళను నీ పేరేమిటని నిలదీస్తామా? పుట్టిన తేదీ సగం మందికి తెలియదు. కార్డుల్లో అందరూ డిసెంబరు ముప్పై ఒకటినే పుట్టారు."

"వెతోన్ అడుగుదాం. పుట్టిన వారమూ, ఐదు సంత రోజుల్లో ఆనాటి సంత పేరూ. లెక్క తీసినప్పుడు అదీ అడిగాను, అరవై రెండు మందిలో యాభై ఎనిమిది మంది తడుముకోకుండా చెప్పారు. చేరినప్పుడే పట్టీ మీద రాయిద్దాం. పట్టీని చేతికే ఉంచుదాం."

అవ్వ ఆ మాట విని తల ఎత్తింది.

"నాదా? నాది మంగళవారం, క్లివోన్ సంత! మా నాన్న ఆ రోజు దున్నపోతును కొన్నాడు. ఇంతకీ ఈ సుకార్సి ఎవరమ్మా? నేను పొనిరాను కదా!"

ఎవరో నవ్వబోయి, బు హర్తాతి ముఖం చూసి ఆపుకున్నారు.

సాయంకాలానికి మూడు కాగితాలు వెలువడ్డాయి. ఆ వార్డులో మూడు నెలలు వెతోన్ అడిగి చూడవలెనని ఒకటి. పాత సంగతి దాచినందుకు వురియానికి మందలింపు ఒకటి. ఆమె చదివి, సంతకం చేసింది. మూడవది లస్త్రిది: ఒప్పందం రద్దు కాదు, హెచ్చరికతో మూడు నెలలు కొనసాగింపు.

"మూడు నెలలేనా బూ? తరువాత?"

"తరువాతి సంగతి నీ పని చెప్తుంది. సూది వేళ అయింది, పద."

లస్త్రి ట్రే పట్టుకొని ఒక అవ్వ మంచం దగ్గర నిలిచింది. అవ్వ చేతి పట్టీని వెలుతురుకు తిప్పి, గొంతు సవరించుకొని, ఈసారి కదండీ అనకుండా అడిగింది.

"మ్బా, తమరి వెతోన్ ఏదో తమరే చెప్పండి."