రషీద్ చదివించిన కాగితం

తొంభైల చివర్లో ఆలేరులో రషీద్, నేను ఒకే సెంటర్‌లో కంప్యూటర్ నేర్పేవాళ్లం. పిల్లలు నా క్లాసులో కూర్చుని, డౌట్లు మాత్రం అతన్ని అడిగేవారు. ఆ కడుపుమంటకి ఎంత మజ్జిగ తాగినా గుణం కనిపించలేదు.

ఆ రోజుల్లోనే గొర్రెలకాపరుల సంఘం ఓ కంప్యూటర్ కొన్నది. ఏ మందకు ఎప్పుడు టీకా వేశారో రాసిపెట్టుకునే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కావాలి. ఎవరిది నచ్చితే వాళ్లకే పని. నేను పెట్టెలో వచ్చే ఖరీదైనది తెచ్చాను. రషీద్ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ సీడీ తెచ్చాడు.

"పుక్కట్ల వచ్చినదాన్ని ఎట్ల నమ్ముతవు తాతా?" అన్నాను సంఘం పెద్ద మల్లయ్యతో.

రషీద్ నవ్వాడు. "నీ పెట్టెల లైసెన్స్ కాయితం ఉంటది, జర సదువు భాయ్."

అందరి ముందూ సీలు చింపి చదివాను. ఒక్క కంప్యూటర్‌లోనే వాడాలి, ఎవరికీ ఇవ్వకూడదు, మార్చకూడదు. చదివి కాగితం మడిచేశాను.

"మరి నీది రషీదూ?" అడిగాడు మల్లయ్య.

"ఎవ్వలకన్న ఇయ్యొచ్చు, మార్సుకోవచ్చు తాతా. మార్చి ఇచ్చేటప్పుడు లోపలి రాత, గదే సోర్స్ కోడ్, గూడ ఇయ్యాలె."

"మంచి పొట్టేలును పక్క మందకిస్తే, దాని పిల్లలను ఎవ్వలకియ్యొద్దు అంటమా? గిదే పెట్టుండ్రి" అన్నాడు మల్లయ్య.

బయటికొచ్చాక రషీద్ నాకూ ఒక కాపీ ఇచ్చాడు. అతన్ని తిట్టుకోవడానికి ఒక్క కారణమూ మిగల్చలేదు.

ఇప్పటికీ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా 'అంగీకరిస్తున్నాను' బటన్ నొక్కేముందు షరతులన్నీ చదువుతాను. జాగ్రత్త కోసం కాదు, రషీద్ వాటిని అప్పటికే చదివేసి ఉంటాడన్న ఉక్రోషంతో.