కడియంలో దిగి నడిచిన ఆదివారం

పెళ్లయిన కొత్తలో మేము రాజమండ్రిలో అద్దెకుండేవాళ్లం. అప్పటికింకా పాసింజరు బళ్లకు బొగ్గు ఇంజన్లే. ఒక ఆదివారం మావారు ఆఫీసు పని మీద సామర్లకోట వెళ్లారు. వంటయ్యాక మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఎక్కడికైనా వెళ్లొద్దామా?" అన్నారు. గుడికో, పెళ్లికో, పరామర్శకో తప్ప ఆవిడ గడప దాటగా నేను చూడలేదు. ఎక్కడికండీ అంటే, "రైలెక్కుదాం, దిగుదాం, కాస్త నడిచి వచ్చేద్దాం" అన్నారు.

కడియానికి టిక్కెట్లు తీసుకున్నాం. ఆవిడ పట్టుబట్టి కిటికీ పక్కన కూర్చున్నారు. ఊరు దాటకముందే కంట్లో బొగ్గు నలుసు పడింది. కన్ను నలుపుకుంటూనే బయటికి చూశారు గాని చోటు మారలేదు. దిగేసరికి ఇద్దరి చీరల మీదా మసి.

స్టేషను నుంచి కాలవగట్టు పట్టుకుని నడిచాం. గట్టు కింద నర్సరీల్లో గులాబీ అంట్లకు నీళ్లు పోస్తున్నవాళ్లు తలెత్తి చూశారు. ఎదురొచ్చిన ఒకాయన సైకిలు ఆపి, "ఎవరింటికండీ?" అన్నాడు.

"ఎవరింటికీ కాదండి. ఊరికే నడుస్తున్నాం" అన్నారు అత్తగారు.

ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, ఏదో అర్థమైనట్టు తలూపి, సైకిలు వెనక్కి తిప్పుకుని ఊళ్లోకి వెళ్లిపోయాడు.

మేము ఊరు చేరేసరికి, మొదటి పెంకుటింటి ముందు ఒకావిడ ఎదురుచూస్తూ ఉంది. "ఎండనపడి వచ్చారు, మంచినీళ్లు తాగి వెళ్లండి" అని లోపలికి పిలిచింది. దాహంగా ఉంది, వెళ్లాం. నీళ్ల తర్వాత జంతికలు వచ్చాయి. ఆ తర్వాత మొహానికి హడావిడిగా పౌడరు రాసుకున్న ఒక అమ్మాయి కాఫీ పట్టుకొచ్చింది. అప్పుడర్థమైంది నాకు. చెప్పాపెట్టకుండా పిల్లను చూసిపోవడానికి వచ్చిన మగపెళ్లివారం అనుకున్నారు మమ్మల్ని.

అత్తగారు గ్లాసు కింద పెట్టారు. "పొరపాటు పడ్డారండి. నాకు ఒక్కడే కొడుకు. ఈ అమ్మాయి నా కోడలు."

ఆ ఇల్లాలి ముఖం పాలిపోయింది. "మరి ఎందుకొచ్చారండీ?"

"ఏం లేదండి. నడుద్దామనిపించింది."

అమ్మాయి పకపకా నవ్వింది. తల్లి కసిరినా ఆపుకోలేకపోయింది. కాసేపటికి అత్తగారూ నవ్వేశారు. ఆవిడ అలా నవ్వడం నేను చూడటం అదే మొదలు. "పిల్ల బంగారంలా ఉందండి. ఇంకోడుంటే అడిగేదాన్నే" అన్నారు. ఆ మాటతో ఇల్లాలు తేరుకుని, మిగిలిన జంతికలు మాకు పొట్లం కట్టింది.

అమ్మాయి పౌడరు తుడిచేసుకుని గట్టు చివరిదాకా మాతో నడిచింది. పని లేకుండా రైలెక్కవచ్చని తనకెప్పుడూ తోచలేదంది.

"నాకూ నిన్నటిదాకా తోచలేదమ్మా" అన్నారు అత్తగారు.

బండి ఆలస్యమైంది. మేము వచ్చేసరికి తాళం వేసిన తలుపు ముందు, అరుగు మీద మావారు కూర్చుని ఉన్నారు. ఎక్కడికెళ్లారని రెండుసార్లు అడిగారు. అత్తగారు తాళం తీసి, వాడికి అన్నం పెట్టమని నాకు చెప్పి, వెళ్లి నడుం వాల్చారు. మరుసటి నెలలో అత్తగారూ నేనూ కడియం దాటి, తర్వాతి స్టేషను ద్వారపూడి వెళ్లాం.