లారీకి ఎదురుగా నిలబడే మా అత్త

కోదాడలో బియ్యం బస్తాలు దించుతున్నాం. మిర్యాలగూడ నుంచి వచ్చిన బస్సు డ్రైవరు బండి దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. "మీ అత్త తెల్లారంగ పోయిందంట. నిన్ను లారీ తీస్కొని రమ్మన్నరు," అన్నాడు. పోయిన నెల మాట ఇది. మా మేనత్త తన కూతుర్ని చూడ్డానికి మిర్యాలగూడ వెళ్లి, అక్కడే నిద్రలో పోయింది. ఆమె ఎవరో మీకు తెలియకపోవచ్చు. సూర్యాపేటలో మాత్రం ఆమెను ఎరగని లారీ మనిషి లేడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా మామ ఒక పాత లారీ కొన్నాడు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు జ్వరంతో పోయాడు. బండి అమ్మేయమని అందరూ చెప్పినా అత్త వినలేదు. నన్ను డ్రైవరుగా పెట్టుకుంది. ఆమెకు స్టీరింగు పట్టడం రాదు కానీ, మామ పక్కన నిలబడి చూసి చూసి మిగతాదంతా నేర్చుకుంది.

పెట్రోలు దొరకక బొగ్గు మంటతో నడిచే బండి అది. వెనక డ్రమ్ములో బొగ్గులు రాజుకోవడానికి అరగంట పట్టేది. ఆ అరగంట అత్తది. పొద్దుటి మంచూ బొగ్గు పొగా కలిసిపోయి లారీ సగమే కనిపించేది. ఆ తెల్లదనంలో అత్త కనిపించేది కాదు, సుత్తి చప్పుడే వినిపించేది. చక్రాల నట్లను ఒక్కొక్కటే కొట్టి చెవి పెట్టేది. బిగువుగా ఉన్నది ఖంగుమనేది, వదులైనది మొద్దుగా పలికేది. పాలు పితికే ముందు బర్రెను నిమిరినట్టు టైర్లను తడిమేది. "బండి అబద్ధమాడదిరా, తోలేటోడే ఆడ్తడు," అనేది. నాకు ఒళ్లు మండేది. ఒక్కోసారి మాత్రం ఆ చప్పుడు వింటూ, ఇంకా నిద్ర లేవలేదేమో, ఇదంతా కలేమో అనిపించేది.

అన్నిటికీ చివర బ్రేకు. మా షెడ్డు నుంచి రోడ్డుకు చిన్న వాలు ఉంది. అత్త వాలు కిందికి పోయి, కొంగు నడుముకు దోపుకొని నిలబడేది. "ఇగ రా," అనేది. నేను లారీని వాలు మీదికి వదిలి, ఆమెకు మూరెడు దూరంలో ఆపాలి. ఆమెకు పిచ్చి అన్నారు ఊళ్లో. "పిచ్చిదాన్నే. కూలోళ్లు బస్తాల మీద కూసొని వస్తరు. ఆళ్ల పానం కన్న నా పానం ఎక్కువనా?" అనేది. ఆగిన బండి ముందు రేకు మీద అరచేయి ఆనించి, "పైలం," అని జాగ్రత్త చెప్పేది. ఇక బయల్దేరొచ్చు.

ఒకరోజు నేను అబద్ధమాడాను. నా భార్య హుజూర్‌నగర్‌లో, పుట్టింట్లో ప్రసవించి నాలుగు రోజులైంది. బిడ్డను నేనింకా చూడలేదు. ఆ రోజు మిర్యాలగూడలో బియ్యం ఎత్తుకొని, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోవాలి. ముందు రోజు సాయంత్రం బ్రేకు కడ్డీని పట్టి ఉంచే పిన్ను విరిగింది. కమ్మరి కోసం ఆగితే పొద్దెక్కుతుందని తీగతో కట్టేశాను.

"బిరేకు కడ్డీ సూసినవా?"

"సూసిన అత్తా."

ఆమె వెళ్లి వాలు కింద నిలబడింది. "ఇగ రా." ఇంజను నడుస్తూనే ఉంది. మంచులో ఆమె మసక మసకగా కనిపిస్తోంది. నా కాలు కదలలేదు. "వస్తలేవేందిరా?" అని మళ్లీ పిలిచింది. దిగిపోయి, "తీగతోని కట్టిన," అన్నాను. ఆమె మొహం తెల్లబోయింది.

ముందే తెలిసి నన్ను పరీక్షిస్తోందని మీలాగే నేనూ అనుకున్నాను. చాన్నాళ్లకు అడిగితే, "తెలిస్తే గాడ నిలబడ్తనారా, పాగల్!" అని కసిరింది. నా మాట నమ్మి నిలబడింది, అంతే. ఆ అబద్ధం తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు మళ్లీ అక్కడే నిలబడి, "ఇగ రా," అంది. అలా మళ్లీ నమ్మినందుకు ఆమె కాళ్లకు మొక్కాల్సింది. బతికుండగా మొక్కలేదు.

కబురు అందిన రోజు, హుజూర్‌నగర్‌లో పుట్టింటికి వెళ్లి ఉన్న నా భార్యనూ రెండేళ్ల కూతుర్నీ ఎక్కించుకొని మిర్యాలగూడ చేరాను. సూర్యాపేటలో మామను కాల్చిన చోటే తననూ కాల్చాలని అత్త ఎప్పుడూ చెప్పేది. లారీలో గడ్డి పరిచి పడుకోబెట్టారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. నేను సుత్తి తీసి చక్రాల నట్లు కొట్టడం మొదలుపెట్టాను.

"పోయినామెకు ఇంకేం భయమురా? జల్ది నడువ్," అన్నాడు ఒక పెద్దాయన.

"ఆమె ఒక్కతే లేదు గద బండిల," అన్నాను.

చలికాలపు మధ్యాహ్నం. గుంతలు తప్పించుకుంటూ సూర్యాపేట దారిలో మెల్లగా తోలాను. వెనక ఏడుపులు సన్నగిల్లి, కాసేపటికి పూర్తిగా ఆగిపోయాయి. అనుమానం వచ్చి, బండి ఓ పక్కన ఆపి చూశాను. తెల్లవారుజాము నుంచి ఏడ్చి అలసిపోయిన ఆడవాళ్లంతా గడ్డి మీదికి ఒరిగి నిద్రపోయారు. నా కూతురు వాళ్ల మధ్య ముడుచుకొని పడుకుంది. అందరి ముఖాల మీదా ఎండ, సన్నటి దుమ్ము. వాళ్లలో మా అత్త ఎవరో ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను.