కుట్టిన పుస్తకంలో లేని సీను

డెబ్బైల చివర్లో సంగతి. అప్పుడు నేను వరంగల్‌లో డిగ్రీ ఫైనలియర్. ఒక వారపత్రికలో వచ్చిన కాలేజీ సీరియల్ అంటే నాకు ప్రాణం. వారం వారం పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసుకున్నాను. ఒక్క వారం మాత్రం పత్రిక రాలేదు. పేపరతను ఎగ్గొట్టాడనుకున్నాను.

అది సినిమాగా వస్తే మట్టెవాడలోని మా ఇంటి నుంచి అమ్మను వెంటబెట్టుకుని మ్యాట్నీకి పోయాను. ఎంత బాగా తీశారో! నవలలో రెండు పేజీల దుఃఖాన్ని హీరోయిన్ ఒక్క చూపులో చెప్పేసింది. ఇంతలో ఆ అమ్మాయి తండ్రి ఎదుట నిలబడి, "ఇప్పుడే పెళ్లి వద్దు, ఎమ్మే చదువుతాను" అంది. నా నవలను పాడుచేశారని ఒళ్లు మండింది. లేచి నిలబడి, "ఇది నవలల లేనే లేదు! వీళ్లే కలిపిండ్రు!" అని అరిచాను.

హాల్లో ఆడవాళ్ల క్లాసంతా గొల్లున నవ్వింది. "కూసో బిడ్డా, తెర కనవడ్తలేదు" అని వెనకనుంచి ఒకామె కసిరింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, మెల్లగా అంది. "ఉన్నదే. ఆ వారం బుక్కు నేనే దాచిన. అది సదివితే నువ్వు గూడ గట్లనే అంటవని భయమైంది." తెర వెలుగులో చూస్తే ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

ఇంటికి రాగానే చీరల పెట్టె అడుగు నుంచి ఆ పత్రిక తీసిచ్చింది. దబ్బనం కూడా తనే తెచ్చింది. తర్వాత నా ఎమ్మే అప్లికేషన్ మీద నాన్నతో సంతకం పెట్టించిందీ అమ్మే.

నవల గొప్పదా, సినిమా గొప్పదా అంటే ఇప్పటికీ నవలే అంటాను. కానీ ఆ పేజీలు పెట్టెలోంచి బయటికి తీయించింది మాత్రం సినిమానే.