వరసలో పెద్దమ్మ బిందె

ఆ పొద్దున కొళాయి దగ్గర, పెద్దమ్మ ముందు రాత్రే పెట్టిపోయిన బిందె వరసలోనే ఉంది. దాని మెడకు ఎప్పటిలాగే పాత చీర పేలిక చుట్టి ఉంది. ఆమె మాత్రం రాలేదు. వెనకున్నవాళ్లు బిందెను ముందుకు జరుపుతున్నారు. అంతలో కోడలు వచ్చి, అత్త నిద్రలోనే పోయిందని చెప్పింది. బిందె వంతు వస్తే నేనే పట్టాను. ఆ నీళ్లతోనే ఆమెకు చివరి స్నానం చేయించారు.

పెద్దమ్మ మాకు బంధువు కాదు, ఆదోనిలో మా పక్కింటామె. నా మొదటి నవలను అచ్చుకు ముందు విన్నది ఆమె ఒక్కతే. కాన్వెంటులో చదివిన నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. "మీ కాన్వెంటులో మాట్లాడితే జుల్మానా ఏస్తారా ఏంది?" అని నవ్వేది.

నవలలో ఇద్దరు అమ్మాయిలు. వాళ్లుండే పట్టణం యుద్ధంలో ఉంది. నేను యుద్ధం చూడలేదు, రేడియోలో విన్నదే. మొదటి అధ్యాయం నిండా పొగ, తుపాకులు. పెద్దమ్మ శనక్కాయలు ఒలుస్తూ వినేది. నచ్చని చోట చెయ్యి ఆగిపోయేది. ఆ రోజు చాలాసేపు ఆగింది.

"యుద్ధం సరే పాపా, ఆడ నీళ్లు యాడ పట్టుకుంటారు?"

మా సందు కొళాయి దగ్గర బిందె పెట్టి వెళ్లినా వంతు పోదు. మనిషి వచ్చేదాకా వెనకవాళ్లు దాన్ని జరుపుతారు. పెద్దమ్మ ఎప్పుడూ చెప్పేదే అది: "బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. జరుపు." ఆ కొళాయిని, ఆ వరసను తీసుకెళ్లి నా పట్టణంలో పెట్టాను. అక్కడే ఆ అమ్మాయిలకు స్నేహం కుదిరింది. తర్వాత ఒక రోజు వాళ్లలో ఒకమ్మాయి బిందె పెట్టి వెళ్లి, తిరిగి రాలేదు.

అప్పటినుంచి పెద్దమ్మకు వేరే మాట లేదు. గోడ అవతలి నుంచి కూడా అడిగేది. "ఆ పాప బిందె కోసరం వచ్చినాదా?" ఇంకా రాయలేదని చెప్పేదాన్ని.

పెద్దమ్మ ఏటా ఉరుకుంద తిరునాళ్లకు పోయి వచ్చేటప్పుడు ఎమ్మిగనూరులో దిగి ఒక పూట ఉండి వచ్చేది. అక్కడెవరున్నారని ఒకసారి అడిగాను. "ఉంటే సూద్దామని పోయినా" అంది. మళ్లీ శనక్కాయల చేట ముందుకు లాక్కుంది.

చివరి అధ్యాయం ఆ ఆదివారం చదివి వినిపించాల్సింది. ఆదివారం రాకముందే ఆమె పోయింది.

ఈ నెల నవల పుస్తకంగా వచ్చింది. అందులో ఆ అమ్మాయి రాదు. రెండో అమ్మాయి రోజూ ఆ బిందెను జరుపుతూనే ఉంటుంది. పెద్దమ్మ వింటే చెయ్యి ఆగేదో లేదో తెలియదు.

బిందెను కోడలు మాకిచ్చింది. తోమడానికి పేలిక విప్పాను. మెడ మీద చెక్కిన పేరు పెద్దమ్మది కాదు. అది పెద్దమ్మ స్నేహితురాలి పేరని, కరువొచ్చిన ఏడు మగ్గం పనికని ఎమ్మిగనూరు పోయి ఆమె తిరిగి రాలేదని కోడలు చెప్పింది.