తేదీ వేయని స్కోరు కాగితం

పోయిన వారం ఆళ్లగడ్డలో, మా చరిత్ర టీచరు సుగుణమ్మ మేడం కూతురు నా చేతిలో పెట్టిన పాత నోటుపుస్తకం తెరవగానే కలరా ఉండల వాసన ముక్కుకు కొట్టింది, దాంతోపాటు నా తొమ్మిదో తరగతి నాటి సిగ్గూ పైకి లేచింది. "అమ్మ పోయేముందు ఇది నీకియ్యమనిందక్కా" అంది ఆ అమ్మాయి.

ఆ ఏడు నంద్యాలలో శాతవాహనుల మీద వ్యాసరచన పోటీకి మేడం నన్నే ఎంచి, ఏళ్ల తరబడి రాసుకున్న ఈ నోట్సు ఇచ్చింది. తేదీ లేని కాగితం కనబడితే ఎర్ర సిరాతో ‘తేదీ ఏదీ?’ అని రాయందే ఆమె చేయి ఊరుకునేది కాదు. నేనేమో, బనగానపల్లె మామిడిపళ్లు తగ్గి తొలి వానలు పడే ఆ రోజుల్లో, సాయంత్రమైతే చాలు పక్కింటి ఖాదర్ మామ టీవీ ముందు చాప మీద చేరి, అత్త పెట్టిన కారం బొరుగులు నములుతూ, తెల్లబట్టల వాళ్లు పచ్చగడ్డి మీద ఆడే టెన్నిస్ చూసేదాన్ని. నోట్సు ఒడిలో, చూపు బంతి వెంట. రాకెట్ ఎన్నడూ పట్టని నాకు ఒక ఎడమచేతి ఆటగత్తె మీద పిచ్చి. ఆమె స్కోర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుంటూ, దాన్ని ఆ నోట్సులోనే మడిచి పెట్టుకుంటూ పోయాను. శాతవాహనులు మాత్రం రెండో పేజీ దాటలేదు.

పోటీలో అర పేజీ రాసి దిక్కులు చూశాను. బహుమతి రాలేదు. బస్టాండులో ఉగ్గాని, బజ్జీ పెట్టించి మేడం అడిగింది.

"యాడ తప్పు పోయింది పాపా?"

"మీ నోట్సులో ఉండేదే రాసినా మేడం. అదంతా పాతదైపోయిందంట, ఆడుండే సారు చెప్పినాడు."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! ఆమె ముఖం చిన్నబోయింది. "అట్లనా? అయితే తప్పు నాదేలే" అని, నేను తిరిగిచ్చిన నోట్సు సంచిలో పెట్టుకుంది. మరుసటి వారం నుంచి లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ, నోట్సంతా ఆమె కొత్తగా రాయడం స్టాఫ్ రూము కిటికీలోంచి చూశాను. చూసి, తల వంచుకుని పోయాను.

ఇప్పుడు ఖాదర్ మామ ఇల్లున్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మేడం లేదు. ఆ ఆటగత్తె పేరైనా గుర్తు లేదు. రెండో పేజీలో నా స్కోరు కాగితం మాత్రం మడత నలగకుండా ఉంది, మూలన ఎర్ర సిరాతో ‘తేదీ ఏదీ?’ అని. కొత్తగా రాయడానికి ఈ పేజీ తిప్పిన రోజే ఆమెకంతా తెలిసిపోయి ఉంటుంది. తెలిసీ నన్నొక్క మాట అనలేదు, రాయడమూ ఆపలేదు.

ఆ స్కోర్ల పక్కన తేదీలు వేద్దామని పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఒక్క తేదీ కూడా గుర్తు రాలేదు.