మూత బిగించాక పెట్టిన బొట్టు

మామయ్యగారి కారు వయసులో నాకంటే పెద్దది. ఆయన పోయాక మా పారమట్టా ఇంటి గరాజ్‌లో ముసుగు కప్పుకుని పడి ఉండేది. పెళ్లి జరిగే హెలెన్స్‌బర్గ్ కొండ మీది గుడికి పెళ్లికూతురిగా తాతయ్య కార్లోనే వెళ్తానని మా అమ్మాయి పట్టుబట్టింది. నడిపి చూస్తే ముందు చక్రాలు గరగరమన్నాయి. అద్దె కారు తెద్దామన్నారు మావారు. నేను వినలేదు. చక్రాల బేరింగులకి గ్రీజు పెట్టడం మామయ్యగారే దగ్గరుండి నేర్పారు నాకు. చేతనైన పని ఇంకొకరికి ఎందుకిస్తాను?

పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం కారుని జాకీల మీద ఎత్తాను. ముందు చక్రాలు రెండూ ఊడదీసి, నడిమధ్య మూతలు తీసి, బేరింగులు బయటికి లాగి కిరోసిన్‌లో కడిగాను. లోపలి రోలర్లు నున్నగానే ఉన్నాయి, ఎండిపోయింది గ్రీజే. అరచేతిలో కొత్త గ్రీజు ముద్ద పెట్టుకుని, రోలర్ల సందుల్లోంచి అది పైకి ఉబికి వచ్చేదాకా ఒక్కో బేరింగునీ అదిమాను. ఆవకాయ కలిపిన చేతికి ఇదొక లెక్కా? అన్నీ శుభ్రమైన గుడ్డ మీద పేర్చి, పూలవాళ్ల ఫోనొస్తే లోపలికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి బేరింగుల నిండా పసుపు, కుంకుమ, అక్షింతలు. పక్కనే మా అత్తయ్య కళ్లు మూసుకుని దణ్ణం పెడుతున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. రోలర్ల మధ్య బియ్యపు గింజలు నలిగితే బేరింగు పాడవుతుంది. కొండదారిలో చక్రం పట్టేస్తే ఇంకేమైనా ఉందా?

"ఎంత పని చేశారత్తయ్యా! ఇదంతా కడిగెయ్యాలిప్పుడు."

ఆవిడ ముఖం పాలిపోయింది. "పెళ్లింట పసుపు కడుగుతావా అమ్మా? నాలాంటిది పెట్టకూడదని తెలుసులే. ఎవరూ చూడట్లేదు కదా అని పెట్టాను."

నా కోపం కాస్తా నీరుగారిపోయింది. మామయ్యగారు పోయినప్పటి నుంచి ఆవిడ ఏ శుభకార్యంలోనూ పసుపు గిన్నె ముట్టుకోలేదు. ముట్టుకోమని ఎవరూ అనలేదు. సొంత ఇంట్లో, భర్త కారుకే, దొంగచాటుగా బొట్టు పెట్టుకోవాల్సి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

అయినా కడిగాను. నా కూతురు ఎక్కే కారది, జాలిపడి ఊరుకోలేను. ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ కిరోసిన్, మళ్లీ గ్రీజు. బేరింగులు లోపల కూర్చోబెట్టి, నట్టు బిగించి, చక్రం తేలిగ్గా తిరిగేలా కాస్త వదులు చేసి, అది కదలకుండా పిన్ను పెట్టి, మూతలు కొట్టి చక్రాలు తగిలించాను. చేత్తో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగాయి.

పొద్దున చుట్టాలందరూ వాకిట్లో ఉండగా పసుపు కుంకుమల గిన్నెలు అత్తయ్య చేతికిచ్చాను.

"లోపలి బేరింగుల మీదైతే పెట్టనివ్వను. మూతలు బిగించానుగా, ఇప్పుడు ఎంత కావాలంటే అంత పెట్టండి."

"ఎవరైనా ముత్తైదువ చేత పెట్టిస్తే బావుంటుందేమోనమ్మా," అంది ఒక ఆంటీ.

"ఈ కారు మా అత్తయ్యది ఆంటీ. ఆవిడ బొట్టు పెడితేనే కదులుతుంది," అన్నాను. తాళాలు నా గుప్పిట్లోనే ఉన్నాయి.

అత్తయ్య ముందు చక్రం దగ్గరికి వెళ్లారు. వంగి, ఒక్కో మూత మీదా పసుపు రాసి, కుంకుమ అద్దారు. లేచి గిన్నెలు నాకు తిరిగి ఇచ్చేయబోతుంటే, మా అమ్మాయి పూలజడ వెనక్కి వేసుకుని ఆవిడ ముందు తల వంచింది.

"నౌ మీ, నానమ్మా."